అడవి కుంటను కాపాడాలంటే దాన్ని ఎండిపోనివ్వండి

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరొంచ, అహేరి వైపు అడవుల్లో తొలకరికి నిండి, చలికాలం దాటగానే ఎండిపోయే చిన్న చిన్న కుంటలు చాలా ఉన్నాయి. ఎండాకాలంలో అలాంటి కుంట నెర్రెలు బారిన గుంటలా కనిపిస్తుంది కాబట్టి ఊరికి ఏదైనా మంచి చేద్దామనుకున్న ప్రతివాళ్లకీ ముందు తోచేది, జేసీబీ పెట్టి లోతు చేయిద్దాం, చేపపిల్లల్ని వదులుదాం అని. దయచేసి ఆ రెండూ చేయకండి.

నీళ్లు ఏడాదంతా నిలిస్తే చేపలూ నిలుస్తాయి, కప్ప గుడ్లనీ తోకకప్పల్నీ అవి మిగలనివ్వవు. పైగా అడుగున ఉన్న బంకమట్టి పొర తెగితే నీళ్లు ఇంకిపోయి ఉన్న కుంట కూడా పోతుంది. ఆ ఎండిన మట్టిలోనే నీటి పురుగుల గుడ్లు వాన కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. వాన కుంటల్లో పెరిగే ఒక తూనీగ అయితే హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా దాకా వెళ్తుంది!

ముందు కుంటల జాబితా రాయండి. దేశపు చిత్తడి నేలల అట్లాసులో 2.25 హెక్టార్ల లోపువి చుక్కలుగానే ఉన్నాయి, మన కుంటల హద్దులు మనమే రాసుకోవాలి. పశువుల కాపరుల్ని అడగండి, ఏ కుంట ఎప్పుడు నిండుతుందో, ఎప్పటిదాకా నీళ్లుంటాయో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసి, ఎండాకాలంలో ఒకటి, వానల్లో ఒకటి ఫోటో తీసి పెట్టుకోండి.

మొదటి పెద్ద వాన పడిన రాత్రి తప్పకుండా వెళ్లండి. ఒంటరిగా వద్దు, బూట్లు వేసుకోండి, పోలీస్ పాటిల్‌కీ (ఊళ్లో పోలీసులకు సాయపడే గ్రామ అధికారి) ఫారెస్ట్ గార్డుకీ ముందే చెప్పండి. టార్చి వేస్తే మగ బోదురు కప్పలు పసుప్పచ్చగా మెరుస్తూ, గొంతుకి రెండు పక్కలా నీలం తిత్తులు ఉబ్బించి అరుస్తుంటాయి. అరుపులు రికార్డు చేయండి, కప్పల్ని పట్టుకోకండి. నీళ్ల మీదికి వంగిన కొమ్మలకి సబ్బు నురగలాంటి ముద్దలు కనిపిస్తే అవి చెట్టు కప్ప గూళ్లు, పిల్లలు అందులోంచి నేరుగా నీళ్లలో పడతాయి. అందుకే ఆ కొమ్మలు కొట్టకూడదు.

నీళ్లు లేని నెలల్లో కప్పలు చుట్టుపక్కల మట్టిలో, రాలిన ఆకుల కింద దాక్కుంటాయి. కాబట్టి ఒడ్డుతో ఆగకుండా చుట్టూ ఉన్న చెట్లనీ ఆకునీ కూడా వదిలేయాలి. ఇప్పపువ్వు ఏరడానికి నిప్పు పెట్టే అలవాటు అన్నిటికంటే పెద్ద దెబ్బ, చెట్టు కింద ఊడ్చుకోండి, లేదా పాత చీరో వలో పరవండి. మందు కొట్టిన పంపులు కుంటలో కడగకుండా పత్తి, మిర్చి రైతులతో మాట్లాడండి. పశువులు వచ్చి నీళ్లు తాగితే టెన్షన్ పడక్కర్లేదు.

ఇదంతా గ్రామసభ తీర్మానంగా ఉండాలి. అడవినీ, వన్యప్రాణుల్నీ, నీటి వనరుల్నీ కాపాడే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ గ్రామసభకు ఇచ్చింది. మన గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా అనే ఊరు 2009లోనే సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు సాధించింది. తీర్మానం మరాఠీలో రాసినా సభలో తెలుగులో, గోండిలో చదివి వినిపించండి, ఆడవాళ్లు వచ్చే వేళకే సభ పెట్టండి, ఇప్పపువ్వు ఏరేది ఎక్కువగా వాళ్లే. పంచాయతీ పనుల జాబితాలో ఆ కుంట పూడికతీత ఉంటే అదే సభలో తీసేయించి, బదులుగా ఊరి చెరువు పేరు రాయించండి.