ఆపరేషన్ తర్వాత చేతికిచ్చే నొప్పి బటన్‌ను ఎలా వాడాలి?

పెద్ద ఆపరేషన్ అయ్యాక కొందరికి మంచం పక్కన ఒక చిన్న పంపు పెట్టి, దాని బటన్‌ను చేతిలో పెడతారు. దీన్ని పీసీఏ పంపు అంటారు, అంటే రోగి తన నొప్పి మందును తానే వేసుకునే పంపు. బటన్ నొక్కితే నరంలోకి కొద్దిగా మార్ఫిన్, ఫెంటానిల్ లాంటి బలమైన నొప్పి మందు వెళ్తుంది. నర్సు వచ్చేదాకా నొప్పిని పంటి బిగువున భరించాల్సిన పని ఉండదు.

1. ఆపరేషన్‌కు ముందే అడిగి తెలుసుకోండి

మెలకువ వచ్చాక ఇంకా మత్తుగా ఉంటుంది, ఎవరేం చెప్పినా తలకెక్కదు. అందుకే బటన్ ఎలా ఉంటుందో ముందే చూపించమనండి. గట్టిగా గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగుతుందా, కిడ్నీ జబ్బు ఉందా, నిద్రమాత్రలు వేసుకుంటారా, మద్యం అలవాటు ఉందా అన్నవన్నీ మత్తు డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. ఈ మందులు శ్వాసను నెమ్మదింపజేస్తాయి కాబట్టి, మీ డోసు ఈ వివరాలను బట్టే ఉంటుంది.

2. నొప్పి ముదరకముందే నొక్కండి

ముదిరిన నొప్పిని దించడం కష్టం, మొదలవుతుండగానే ఆపడం తేలిక. పక్కకు తిరగాలన్నా, దగ్గాలన్నా, లేచి నడవాలన్నా ఐదు పది నిమిషాల ముందు ఒకసారి నొక్కుకోండి. మార్ఫిన్ అయితే సాధారణంగా ఒక్కో నొక్కుకు 1 మిల్లీగ్రాము వెళ్తుంది. ఆ తర్వాత 5 నుంచి 10 నిమిషాల దాకా మళ్లీ నొక్కినా మందు రాకుండా పంపుకు తాళం పడుతుంది. ఎక్కువసార్లు నొక్కేశానేమో అని టెన్షన్ పడకండి. ఆ నొక్కులు కూడా పంపులో నమోదవుతాయి, డోసు చాలడం లేదని డాక్టర్‌కు తెలిసేది వాటివల్లే.

నొప్పి పూర్తిగా పోవాలని చూడకండి. లోతుగా ఊపిరి తీసి, దగ్గి, నాలుగడుగులు వేయగలిగితే చాలు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం లాంటివి రాకుండా కాపాడేవి అవే. ఎన్నిసార్లు నొక్కినా తగ్గకపోతే నర్సును పిలవండి. ట్యూబు మడత పడి ఉండవచ్చు, సూది దగ్గర వాచి ఉండవచ్చు.

3. బటన్ రోగి చేతిలోనే ఉండాలి

అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మందు ఎక్కువైతే రోగికి నిద్ర ముంచుకొస్తుంది, నిద్రపోతున్న మనిషి బటన్ నొక్కడు. ఈ పద్ధతికి ఉన్న అసలు రక్షణ అదే. నిద్రలో మూలుగుతున్నారని పక్కనున్నవాళ్లు ప్రేమకొద్దీ నొక్కితే ఆ రక్షణ పోతుంది, శ్వాసే ఆగిపోవచ్చు. ఇలా జరిగిన ప్రమాదాల వల్లే 2004లో అమెరికాలో ఆసుపత్రుల నాణ్యతను తనిఖీ చేసే జాయింట్ కమిషన్ అనే సంస్థ ఆసుపత్రులకు ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. చూడలేక మనసు ఎంత తల్లడిల్లినా బటన్ జోలికి పోకండి. నర్సును పిలవడమే మీరు చేయగల సాయం.

రోగి ఎంత లేపినా లేవకపోతే, ఊపిరి బాగా నెమ్మదిస్తే, పెదవులు నీలంగా మారితే క్షణం ఆలస్యం చేయకుండా కేకేయండి. దీనికి నాలొక్సోన్ అనే విరుగుడు ఉంది.

4. ఇబ్బందులను చెప్పండి

వికారం, దురద, మలబద్ధకం, మూత్రం రాకపోవడం మామూలే, వాటికి మందులున్నాయి. అలవాటు పడిపోతామేమో అనే భయం చాలామందికి ఉంటుంది. నిజమైన నొప్పికి, డాక్టర్ల పర్యవేక్షణలో, రెండు మూడు రోజులు వాడే మందుతో ఆ ప్రమాదం చాలా తక్కువ. ఆ భయంతో నొప్పిని అణచుకుని పడుకుంటేనే కోలుకోవడం ఆలస్యమవుతుంది.

5. పంపు తీసేటప్పుడు

నోటితో తినగలిగాక మాత్రలకు మారుస్తారు. పంపు తీసే ముందే మొదటి మాత్ర ఎప్పుడిస్తారో అడగండి. మాత్ర పని మొదలుపెట్టడానికి కొంత సమయం పడుతుంది, ఈలోగా పంపు మందు దిగిపోతే నొప్పి మళ్లీ ఎగదన్నుతుంది.