బీడామన్‌తో గోలీ సూటిగా కొట్టాలంటే

బీడామన్ అంటే పొట్టలోంచి గోలీని కొట్టే జపాన్ బొమ్మ. పాతది కొనే ముందు వెనకున్న మీటను వేలితో నెమ్మదిగా నొక్కి చూడండి. బొమ్మ పొట్టలో గోలీని రెండు వైపులా పట్టుకునే ప్లాస్టిక్ రెక్కలుంటాయి. ఆటంతా వాటి బిగువులోనే ఉంది. నేను మొదట కొన్నదానికి ఒక రెక్క సన్నగా చిట్లింది. గోలీ ముందుకు దూకాల్సింది పోయి, ఒళ్లోకి జారిపడేది!

దీనికి సరిపోయే గోలీ కొలత సుమారు 17 మిల్లీమీటర్లు. మన వీధి గోలీలు ఒక్కోటి ఒక్కో సైజు, కాబట్టి స్కేలు పెట్టి చూసి ఏరుకోండి. పెద్దదాన్ని బలవంతంగా తోస్తే రెక్కలు విరుగుతాయి. బొమ్మను బల్లకు ఆనించి, బొటనవేలితో మీటను ఒకే ఊపున తోయండి. కుదిపారా, గురి తప్పినట్టే. మనుషుల వైపు మాత్రం వద్దు.

ఏ తరం కొనాలి? 1993లో జపాన్ బొమ్మల కంపెనీ టకారా వీటిని తెచ్చినప్పుడు బొమ్మకు హడ్సన్ వాళ్ల వీడియో గేమ్ హీరో బాంబర్‌మాన్ ముఖమే ఉండేది. 'బీదామా' అంటే జపనీస్‌లో గాజు గోలీ. 1998లో ఆ బాంబర్‌మాన్‌తోనే తొలి అనిమే (జపాన్ కార్టూన్ సిరీస్) వచ్చింది. 2004 నాటి అనిమే బ్యాటిల్ బీడామన్‌లో హీరోలు మనుషులైపోయారు. నా ఓటు దానికే, చూడటం అక్కడే మొదలెట్టండి. 2011లో క్రాస్ ఫైట్ అనే తరం వచ్చింది.

గోలీలంటే భయమా? 2020లో వచ్చిన బాటిల్‌మాన్ సీసా మూతల్ని కొడుతుంది. మూతలకు కొదవేముంది, చెత్తబుట్ట వెతకండి.