చూపుతో పనిలేని వంట: ఒలకకుండా, చిందకుండా

వంటగది పాడయ్యేది ఉడికేటప్పుడు కాదు, ఒక గిన్నెలోంచి ఇంకోదాంట్లోకి మార్చేటప్పుడు. ఒంపడం, వార్చడం, తిరగేయడం – ఈ మూడూ లేని వంటలతోనే మొదలుపెట్టండి.

ముందు అంచు ఉన్న పెద్ద ట్రే ఒకటి పెట్టుకోండి. కొలవడం, గుడ్డు కొట్టడం అన్నీ అందులోనే. ఏది ఒలికినా ట్రే దాటదు, కడిగేదీ అదొక్కటే. కూరగాయలు తరిగే పలక కింద తడిగుడ్డ పరిస్తే జారదు.

నూనెను సీసాలోంచి చెంచాలోకి ఒంపితే సగం కిందే పోతుంది. వెడల్పు మూతి డబ్బాలోకి మార్చుకుని, లోహపు కొలత చెంచా కాడను గరిటెలా పైకి వంచి, ముంచి తీయండి. ఉప్పు, పొడులకూ ఇదే పద్ధతి. ఎక్కువైంది వేలితో గీసేస్తే కొలత సమమవుతుంది. చన్నీళ్లు పోసేటప్పుడు గ్లాసు అంచు లోపల వేలు ఉంచితే నిండింది తెలుస్తుంది. వేడినీళ్లకు మాత్రం వేలు పెట్టకండి. అంచుకు తగిలించే లెవల్ ఇండికేటర్ వాడండి, నీళ్లు తగలగానే బీప్ అంటుంది.

అన్నానికి రైస్ కుక్కరే మేలు. లోపలి గిన్నెను ట్రేలో పెట్టి కప్పు బియ్యానికి కప్పున్నర నుంచి 2 కప్పుల నీళ్లు పోయండి. కుక్కర్లో దించేముందు గిన్నె అడుగు, పక్కలు పొడిగుడ్డతో తుడవాలి. తడి ఉంటే హీటర్ ప్లేటు మీద చిటపటలాడుతుంది, మరకలు పడతాయి. స్విచ్ టక్కుమన్నాక 10 నిమిషాలు మూత తీయకండి.

కూరగాయలకు ఓవెన్ బాగా పనికొస్తుంది, కలపాల్సిన పని తక్కువ. అరకిలో బంగాళాదుంపలు, క్యారెట్లు 2 సెంటీమీటర్ల ముక్కలు చేసి, టేబుల్ స్పూన్ నూనె, ఉప్పుతో మూత డబ్బాలో వేసి కుదపండి. బేకింగ్ పేపర్ పరిచిన ట్రేలో పోసి, ఓవెన్లో పెట్టకముందే చేత్తో తడుముతూ ఒకే వరుసగా సర్దండి. ఒకదానిమీద ఒకటి పడితే వేగవు, ఆవిరికి మెత్తబడతాయి. 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలయ్యాక ఫోర్కు గుచ్చి చూడండి, సులువుగా దిగాలి. తీసేముందు ట్రే దించే చోటు ఖాళీగా ఉందో లేదో తడిమి, మోచేతి దాకా వచ్చే గ్లోవ్స్ తొడుక్కోండి. పొట్టి గ్లోవ్స్‌తో అరచెయ్యి బాగానే ఉంటుంది, ఓవెన్ లోపలి పై అర తగిలి ముంజేయి కాలుతుంది.

ఉడకబెట్టాల్సినవి జాలిబుట్టలో వేసి బుట్టతోసహా నీళ్లలో దించితే, చివర బుట్ట ఎత్తితే చాలు, వార్చక్కర్లేదు. నీళ్లు చల్లారాక పారబోయండి.

స్టవ్ మీదైతే గిన్నెను మధ్యకు సర్ది, కాడ పక్కకు తిప్పాకే వెలిగించండి. ఇండక్షన్ స్టవ్‌లో మంట లేకపోయినా గిన్నె వేడికి గాజు పలక కాలుతుంది, ఆపగానే ముట్టుకోకండి. బటన్లను తడిమి గుర్తుపట్టేందుకు ఉబ్బెత్తు స్టిక్కర్లు టచ్ బటన్ మీద కాకుండా పక్కన, రెండు మూడు చోట్లే అతికించండి. అన్నింటికీ అతికిస్తే ఏది దేనిదో తేలదు.

కోడిమాంసానికి మాట్లాడే థర్మామీటర్ కొనండి. మందమైన చోట గుచ్చితే 74 డిగ్రీలు చెప్పాలి, మొన ఎముకకు తగలకూడదు. రంగు చూసి ఉడికిందనుకోవడం చూపున్నవాళ్లు చేసే పొరపాటు.