అలాస్కాలో వేట గైడ్ కావాలంటే ముందు మోత నేర్వాలి

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో వేట ఒక వృత్తిగా మిగల్లేదు. అలాస్కాలో మాత్రం గైడుకు పని కల్పించేది చట్టమే. వేరే రాష్ట్రంనుంచి వచ్చినవాళ్లు బ్రౌన్ ఎలుగునో, డాల్ గొర్రెనో (తెల్లటి అడవి గొర్రె), కొండమేకనో వేటాడాలంటే వెంట గైడ్ ఉండాలి, లేదా అక్కడే కాపురముండే దగ్గరి బంధువు ఉండాలి. విదేశంనుంచి దిగినవాళ్లకైతే మూస్ (దుప్పి జాతిలో అతి పెద్దది), కారిబూ (చలి ప్రాంతపు దుప్పి) సహా ఏ పెద్ద జంతువుకైనా గైడ్ తప్పదు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ముందు వీసా సంగతి చూసుకోవాలి. హెచ్-1బి మీద ఉన్నవారు స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప మరొకరికి జీతానికి పని చేయకూడదు, అది అడవిలో పనైనా సరే. వలసేతర వీసా ఉన్నవారు వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకుంటే ఫెడరల్ నేరం. గ్రీన్ కార్డు వచ్చాకే ఈ దారి గురించి గట్టిగా ఆలోచించండి.

లైసెన్సు మెట్లు

అట్టడుగు మెట్టు అసిస్టెంట్ గైడ్. దానికి 18 ఏళ్లు నిండాలి, చెల్లుబాటయ్యే ప్రథమ చికిత్స కార్డు ఉండాలి, అలాస్కాలో కనీసం రెండు వేర్వేరు సంవత్సరాల్లో వేటాడిన అనుభవం చూపాలి. వీటన్నిటికంటే ముఖ్యం, పనిలో పెట్టుకుంటానని ఒక రిజిస్టర్డ్ గైడ్ రాసిచ్చే సిఫారసు. మిగతావన్నీ డబ్బుతోనో ఓపికతోనో తెచ్చుకోవచ్చు, ఇది మాత్రం మనిషి నమ్మితేనే వస్తుంది. ఆ పైన క్లాస్-ఎ అసిస్టెంట్, రిజిస్టర్డ్ గైడ్, మాస్టర్ గైడ్. క్లయింటుతో సొంతంగా ఒప్పందం రాసుకునే హక్కు రిజిస్టర్డ్ గైడ్ నుంచే మొదలు. దానికి పరీక్షలు ఉంటాయి, రాష్ట్రంలోని 26 గేమ్ యూనిట్లలో (వేట నియమాల కోసం విభజించిన ప్రాంతాల్లో) ఎక్కడ పని చేస్తారో ఆ యూనిట్‌కు విడిగా అర్హత సంపాదించాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు నింపేముందు గైడ్లకు లైసెన్సులిచ్చే రాష్ట్ర బోర్డువారి తాజా ప్రతి చదవండి.

కార్డు కోసం ఒక పూట కోర్సు చేసి ఊరుకోవద్దు. ఆసుపత్రికి దూరంగా అడవిలో చికిత్స చేయడం నేర్పే 70–80 గంటల వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ శిక్షణ తీసుకోండి. వాతావరణం బాగోకపోతే క్యాంపునుంచి మిమ్మల్ని తీసుకెళ్లాల్సిన విమానం మూడు రోజులైనా రాదు. అంతవరకూ విరిగిన చీలమండతోనో, తడిసి వణుకుతున్న మనిషితోనో ఉండేది మీరే.

మోత

కొత్తవాళ్లను చాలామంది గైడ్లు మొదటి సీజన్ ప్యాకర్‌గానే తీసుకుంటారు. ప్యాకర్ అంటే మోసేవాడు. ఈ పనిలో అసలు లెక్కంతా ఇక్కడే తెలుస్తుంది. పెద్ద మగ మూస్‌నుంచి ఎముక తీసేశాక సుమారు 225 కిలోల మాంసం వస్తుంది. ఎముకతో ఉంచితే ఒక్క వెనక తొడే 50 కిలోలు దాటొచ్చు. మనిషికి 30 కిలోల చొప్పున మోస్తే ఎనిమిది విడతలు, కొమ్ములతో ఉన్న తలకు తొమ్మిదోది. క్యాంపు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ మొత్తం 54 కిలోమీటర్లు. ఇద్దరు పంచుకున్నా ఒక్కొక్కరికి 27, అందులో సగం బరువుతో, అదీ కాలు పెట్టగానే పక్కకి ఒరిగే గడ్డి దుబ్బుల మీద. కొన్ని యూనిట్లలో మాంసాన్ని ఎముకతోనే బయటికి తేవాలన్న నియమం కూడా ఉంది, అక్కడ లెక్క ఇంకా పెరుగుతుంది. అందుకే అనుభవమున్న గైడ్, విమానం దిగే చోటికో పడవకో కిలోమీటరున్నర దాటిన మూస్ మీద తుపాకీ ఎత్తనివ్వడు, కొమ్ములు ఎంత బాగున్నా సరే.

దీనికి పన్నెండు వారాల సాధన చాలు. మొదటి వారం 12 కిలోలతో మొదలుపెట్టి వారానికి రెండేసి కిలోలు పెంచండి. వారానికి మూడు రోజులు, రోజూ గంటన్నర. ఇండియన్ స్టోర్లో దొరికే 20 పౌండ్ల సోనామసూరి బస్తాలు రెండు వేస్తే 18 కిలోలు, తూకంరాళ్లు వెతుక్కోనక్కర్లేదు. ఎక్కడం ఊపిరికి పరీక్ష, దిగడం మోకాళ్లకు. ఊళ్లో కొండ లేకపోతే స్టేడియం మెట్లు దిగండి. ఉత్త సంచి కాకుండా ఫ్రేమ్ ఉన్న ప్యాక్ కొనండి, మూస్ తొడను ఫ్రేమ్‌కీ సంచికీ మధ్య, వెన్నుకు ఆనేలా కట్టాలి. బరువు వెనక్కి వేలాడితే భుజాలు లాగేస్తాయి, వాగు దాటేటప్పుడు వెల్లకిలా పడేస్తుంది. వాగులో దిగేముందు నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పేయాలి. విప్పకపోతే పడ్డవాణ్ణి ప్యాక్ పైకి లేవనివ్వదు.

కోత

పొట్ట చీల్చకుండా కోసే పద్ధతి నేర్చుకోండి. జంతువును పక్కకు పడుకోబెట్టి, వెన్ను వెంట మెడనుంచి తోకదాకా తోలు కోసి పొట్టవైపు ఒలవాలి. ముందుకాలికి ఎముకల కీలు అడ్డం ఉండదు, జబ్బ కింద కండ కోస్తే ఊడి వస్తుంది. వెనక తొడకు కటి ఎముకను ఆనుకుని కోస్తూ వెళ్తే గుండ్రటి కీలు తగులుతుంది, అక్కడ కత్తి మొన దూర్చి నరం తెంపాలి. తర్వాత వెన్నుమాంసం, మెడ, పక్కటెముకలు. లోపలి మెత్తటి కండను చివరి పక్కటెముక వెనకనుంచి చెయ్యి దూర్చి తీయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే, దాన్ని వదిలేసినా మాంసం వృథా చేసినట్టే. బ్లేడు మార్చే కత్తులు తోలుకు బాగుంటాయి కానీ కీళ్ల దగ్గర పుటుక్కున విరుగుతాయి, ఆ ముక్క మాంసంలో ఉండిపోతుంది.

మాంసం చెడేది తడి, వేడి వల్ల. వేడి తొడలో ఎముక చుట్టూ నిలిచి, కుళ్లు కీలు దగ్గర లోపలినుంచి మొదలవుతుంది, పైకి ఏమీ కనిపించదు. ప్లాస్టిక్ సంచిలో వేయకండి, గాలాడే గుడ్డ సంచుల్లో వేసి, నేలకు ఎత్తుగా కొమ్మల మీద పరిచి, పైన టార్పాలిన్ కట్టండి. పక్కలు మూయొద్దు. కొమ్ములు మాంసం కంటే ముందు బయటికి రాకూడదు, ఇది చట్టం.

క్లయింట్ గుర్తుగా దాచుకునే ట్రోఫీ తోలుకు అయోడిన్ లేని సన్న ఉప్పు వాడాలి, తోలు ఎంత బరువో దాదాపు అంత. పెదవులు, చెవులు, ఎలుగు పంజాలు తిరగేసి కండ పూర్తిగా తీశాకే ఉప్పు పట్టించాలి. కండ మిగిలిన చోట ఉప్పు దిగదు, వారానికి బొచ్చు ఊడొస్తుంది. అప్పుడిక దాన్నెవరూ బాగుచేయలేరు.

చూపు

డాల్ పొట్టేలు విషయంలో లెక్క తప్పితే కేసే. చాలాచోట్ల నియమం ఇది: కొమ్ము పూర్తి చుట్టు తిరగాలి, లేదా రెండు కొమ్ముల కొనలూ విరిగి ఉండాలి, లేదా వయసు ఎనిమిదేళ్లు ఉండాలి. కొమ్మును సరిగ్గా పక్కనుంచే అంచనా వేయాలి. కిందనుంచి చూస్తే ముప్పావు చుట్టు కూడా నిండుగా కనిపిస్తుంది. ట్రైపాడ్ మీద దూరాన్ని చూపే స్కోపు పెట్టి, తల తిప్పేదాకా ఆగండి. అరగంట పట్టొచ్చు, పట్టనివ్వండి. వయసు వలయాలు లెక్కపెట్టడం పాత కొమ్ముల మీద చేతితో తడిమి నేర్చుకోవాలి, ఫోటోలతో రాదు.

మూస్‌కు చాలా యూనిట్లలో కొమ్ముల వెడల్పు 50 అంగుళాలుండాలి. కళ్ల మధ్య దూరం సుమారు 10 అంగుళాలు కాబట్టి, తల ఎదురుగా ఉన్నప్పుడు ఒక్కో కంటి బయటకు మరో రెండు రెట్లు దాటాలి. అనుమానంగా ఉంటే నుదుటి కొనలు (కొమ్ములో నుదుటి దగ్గర ముందుకు వచ్చే కొనలు) లెక్కపెట్టండి, ఒక వైపైనా మూడు ఉంటే చాలాచోట్ల సరిపోతుంది, కొన్ని యూనిట్లలో నాలుగు కావాలి.

దగ్గరికి వెళ్లడమంతా గాలి మీదే ఆధారపడుతుంది. ఎండెక్కితే కొండగాలి పైకి వీస్తుంది, సాయంత్రం చల్లబడితే కిందికి. అందుకే పొట్టేలును పగలు పైనుంచి దిగుతూ చేరతారు. విమానంలో తిరిగిన రోజు వేట నిషిద్ధం, మర్నాడు తెల్లవారుజామున 3 గంటల వరకు ఆగాలి. క్లయింట్ ఎంత తొందరపెట్టినా ఇందులో బేరం లేదు.

క్లయింట్ తుపాకీ క్యాంపుకు రాగానే కాల్పించి చూడండి. ప్రయాణంలో స్కోపు కదిలి ఉండటం మామూలే. ఇంటి దగ్గర 400 గజాలు కొట్టానన్నవాళ్లు ఆయాసంతో 200 కూడా తప్పుతారు. అతను తప్పకుండా కొట్టగల దూరం మీ మనసులో ముందే రాసుకోండి, దాటితే వద్దనండి. ఎలుగు పడ్డా కదులుతున్నంతసేపు మళ్లీ కాల్పించాలి. దగ్గరికి వెనకనుంచి, వీలైతే ఎగువనుంచి వెళ్లి, పొడవాటి కర్రతో కంటిని తాకి చూడాలి.

పొట్టేలు కొమ్ములకూ ఎలుగు తోలు, పుర్రెకూ సాధారణంగా 30 రోజుల్లో అధికారుల ముద్ర వేయించాలి. క్లయింట్ విమానం ఎక్కకముందే ఆ పని పూర్తిచేయించండి, ఇంటికి వెళ్లాక అతను మరిచిపోతే ఫోన్లు మీకే వస్తాయి.