సొంతంగా యాంప్లిఫైయర్ – పాఠం 6: నొక్కి వదిలే బటన్‌తో పవర్ ఆన్, ఆఫ్

పోయిన పాఠంలో ట్రాన్స్‌ఫార్మర్, ఫ్యూజు, ఎర్త్ వైరు దాకా వచ్చి ఆగాం కదా, ఈసారి ముందు ప్యానెల్ మీద బటన్ సంగతి చూద్దాం. చాలామంది మెరిసే స్టీల్ బటన్ ఒకటి మోజుపడి కొంటారు, 16 లేదా 19 మిల్లీమీటర్ల రంధ్రంలో పట్టేది, చుట్టూ లైటు రింగు ఉండేది. తీరా మీటర్ పెట్టి చూస్తే నొక్కినంతసేపే కలుస్తుంది, వేలు తీయగానే విడిపోతుంది. పవర్ స్విచ్‌కి ఇది పనికిరాదనుకుని పక్కన పడేసి మామూలు రాకర్ స్విచ్ పెట్టేస్తారు. పడేయకండి, ఆడియో పెట్టెకి అసలు అదే మేలు.

ఎందుకంటే రాకర్ స్విచ్ ముందు ప్యానెల్ మీద పెడితే 230 వోల్టుల ఫేజ్ వైరు వెనకాల సాకెట్ నుంచి ముందుకొచ్చి మళ్లీ వెనక్కి పోవాలి, దారిలో వాల్యూమ్ పాట్ పక్క నుంచో ఇన్‌పుట్ వైర్ల మీద నుంచో పోతుంది, ఆ 50 హెర్ట్జ్ హమ్ కొంతైనా సిగ్నల్‌లోకి ఎక్కుతుంది. నొక్కి వదిలే బటన్ వాడితే ముందుకొచ్చేది 12 వోల్టుల సన్న వైర్లే, 230 అంతా వెనక మూల ఒక జానెడు జాగాలో ఉండిపోతుంది, రిలే (కాయిల్‌కి చిన్న కరెంటు ఇస్తే లోపలి పెద్ద కాంటాక్ట్‌ని కలిపే స్విచ్) కూడా అక్కడే. వేలు పెట్టే చోట మెయిన్స్ లేకపోవడం ఇంకో లాభం. పైగా పెద్ద టొరాయిడ్ (గుండ్రటి రింగు ఆకారపు) ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ అయిన మొదటి క్షణంలో పదుల ఆంపియర్లు లాగుతుంది, చిన్న బటన్ కాంటాక్ట్‌లు ఆ దెబ్బకి అతుక్కుపోతాయి, ఆ దెబ్బ ఓర్చుకోవాల్సింది రిలే.

మరి వేలు తీశాక ఆన్‌లోనే ఎలా ఉంటుంది? పొలంలో బోరు మోటార్ స్టార్టర్ చూసే ఉంటారు. పచ్చ బటన్ నొక్కి వదిలేస్తే మోటార్ తిరుగుతూనే ఉంటుంది, ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది. లోపల పచ్చ బటన్ కాంటాక్టర్ (పెద్ద రిలే లాంటిది) కాయిల్‌కి కరెంటు ఇస్తుంది, కాంటాక్టర్ లాక్కోగానే దాని సొంత కాంటాక్ట్ ఒకటి ఆ బటన్‌కి పక్కదారిగా కలిసి కాయిల్‌ని పట్టి ఉంచుతుంది, ఎర్ర బటన్ ఆ దారిని తెంపుతుంది. కరెంటు పోయి వస్తే మళ్లీ పచ్చ బటన్ నొక్కేదాకా కదలదు. మనకి కావాల్సింది సరిగ్గా ఇదే గుణం, అర్ధరాత్రి కరెంటొచ్చినప్పుడు యాంప్లిఫైయర్ దానంతటదే మోగడం మొదలెట్టకూడదు కదా. రెండు బటన్లు పెట్టుకోవడం ఇష్టమైతే 12 వోల్టుల రిలేతో ఇదే పద్ధతి చాలు, ఐసీ అక్కర్లేదు. ఒక్క బటన్‌తోనే ఆన్, ఆఫ్ రెండూ కావాలంటే మాత్రం గుర్తుపెట్టుకునే చిప్ ఒకటి కావాలి.

ఆ చిప్ సీడీ4013. ఇందులో రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లు (ఆన్, ఆఫ్ స్థితిని గుర్తుపెట్టుకునేవి) ఉంటాయి, మనకి ఒకటి చాలు. 14వ పిన్‌కి ప్లస్ 12, 7వ పిన్‌కి గ్రౌండ్. 1వ పిన్ అవుట్‌పుట్, 2వ పిన్ దానికి ఎప్పుడూ ఉల్టా. ఈ 2వ పిన్‌ని 5వ పిన్‌కి వైరుతో కలిపేయండి, కిటుకంతా ఇక్కడే ఉంది. 3వ పిన్ (దీన్నే క్లాక్ అంటారు) మీద వోల్టేజ్ కింద నుంచి పైకి ఎగిరిన ప్రతిసారీ చిప్ 5వ పిన్ మీద ఏముందో చూసి దాన్నే 1వ పిన్ మీదకి తెస్తుంది, 5వ పిన్ మీద ఉన్నది ఉల్టా కాబట్టి ప్రతి నొక్కుడికీ స్థితి మారుతుంది. 6వ పిన్ గ్రౌండ్‌కి. వాడని రెండో సగం ఇన్‌పుట్లు 8, 9, 10, 11 కూడా గ్రౌండ్‌కే, వదిలేయొద్దు, ఈ రకం (సీమాస్) చిప్‌లో ఇన్‌పుట్ గాల్లో వేలాడితే అది ఎటు పోతుందో తెలీదు.

ఇప్పుడు బటన్‌ని నేరుగా 3వ పిన్‌కి కలిపితే ఏమవుతుందంటే, ఒకసారి ఆన్ అవుతుంది, ఒకసారి ఆన్ అయ్యి వెంటనే ఆఫ్ అవుతుంది, ఒకసారి ఏమీ కాదు. బటన్ లోపలి లోహపు రేకులు కలిసేటప్పుడు ఒక్కసారిగా కలవవు, కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి పడతాయి, మన చేతికి ఒక్క నొక్కుడే అనిపించినా చిప్‌కి అయిదారు నొక్కులు కనిపిస్తాయి. వదిలేటప్పుడూ ఇదే గొడవ. కెపాసిటర్ ఒకటి పెడితే సరిపోతుందని కొందరు దాన్ని నేరుగా 3వ పిన్ మీదే పెడతారు, అది కుదరదు. 4013కి క్లాక్ చురుగ్గా పైకి లేవాలి, 12 వోల్టుల దగ్గరైతే కొద్ది మైక్రోసెకన్లలోనే, మెల్లగా ఎక్కే వోల్టేజ్‌ని అది నమ్మకంగా చదవలేదు. అందుకే మధ్యలో సీడీ40106 పెడతాం, ఇది ష్మిట్ ట్రిగ్గర్, ఎంత మెల్లగా వచ్చినా అంచుని పదునుగా కోసి, ఉల్టా చేసి ఇస్తుంది, ఇన్‌పుట్ కిందకి దిగితే అవుట్‌పుట్ పైకి లేస్తుంది.

40106 1వ పిన్ నుంచి ప్లస్ 12కి 100కె రెసిస్టర్, అదే పిన్ నుంచి గ్రౌండ్‌కి 0.47 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ (మీద 474 అని ఉంటుంది), మళ్లీ అదే పిన్ నుంచి 1కె రెసిస్టర్ గుండా బటన్‌కి, బటన్ రెండో కాలు గ్రౌండ్‌కి. నొక్కగానే కెపాసిటర్ 1కె గుండా అర మిల్లీసెకనులో ఖాళీ అయిపోతుంది, కానీ మళ్లీ నిండాలంటే 100కె గుండానే నిండాలి, దానికి 40 మిల్లీసెకన్లకి పైనే పడుతుంది. అంటే రేకులు మధ్యలో ఎగిరినా కెపాసిటర్‌కి నిండే టైమే దొరకదు, వదిలేటప్పుడు ఎగిరినా ప్రతి తాకుడికీ మళ్లీ ఖాళీ అవుతుంది, చివరికి చిప్‌కి చేరేది ఒకే ఒక్క అంచు. 40106 అవుట్‌పుట్ అయిన 2వ పిన్‌ని తీసుకెళ్లి 4013 3వ పిన్‌కి కలపండి. 40106లో కూడా 14 ప్లస్, 7 గ్రౌండ్, మిగిలిన ఇన్‌పుట్లు 3, 5, 9, 11, 13 గ్రౌండ్‌కి. రెండు చిప్‌లకీ 14, 7 పిన్ల మధ్య దగ్గరగా ఒక్కో 104 (0.1 మైక్రోఫ్యారడ్) కెపాసిటర్ పెట్టండి, బద్ధకించొద్దు, ఇంట్లో ఫ్రిజ్ ఆన్ అయినప్పుడల్లా యాంప్లిఫైయర్ ఆగిపోతోందంటే చాలాసార్లు ఇది లేకపోవడమే కారణం.

స్టార్టర్ గుణం కోసం 4013 4వ పిన్ ఉంది, అది రీసెట్. ప్లస్ 12 నుంచి 4కి 1 మైక్రోఫ్యారడ్, 4 నుంచి గ్రౌండ్‌కి 100కె. కరెంటు రాగానే ఈ పిన్ సుమారు 70 మిల్లీసెకన్లు పైన ఉండి కిందకి దిగుతుంది, ఆ కాసేపట్లో చిప్ ఆఫ్‌లో స్థిరపడుతుంది.

1వ పిన్ రిలేని నేరుగా లాగలేదు. 10కె గుండా బీసీ547 ట్రాన్సిస్టర్ బేస్‌కి ఇవ్వండి, ఎమిటర్ గ్రౌండ్‌కి, కలెక్టర్ రిలే కాయిల్‌కి, కాయిల్ రెండో కొస ప్లస్ 12కి. బజార్లో దొరికే చిన్న నీలం 12 వోల్టుల రిలే కాయిల్ 400 ఓమ్‌లు ఉంటుంది, అంటే 30 మిల్లీఆంపియర్లు, ఈ ట్రాన్సిస్టర్‌కి తేలికే. కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న వైపు ప్లస్‌కి. ఇది మర్చిపోతే రిలే ఆఫ్ అయ్యేటప్పుడు కాయిల్ తన్నే తన్నుకి ట్రాన్సిస్టర్ పోతుంది. బటన్ చుట్టూ ఉన్న లైటు రింగు లోపల రెసిస్టర్ లేనిదైతే 2.2కె పెట్టి కాయిల్‌కి పక్కనే కలపండి, చిప్ కాలు మీద వేలాడదీయొద్దు. బటన్ మీద గుర్తు ఉన్నది కొనేట్టయితే తెగిన వలయంలో నిలువు గీత ఉన్నది తీసుకోండి, ఐఈసీ 60417 అనే అంతర్జాతీయ ప్రమాణం గుర్తుల్లో అది స్టాండ్‌బైకి, మన పెట్టె ఆఫ్‌లో ఉన్నా లోపల కొంత భాగం బతికే ఉంటుంది కాబట్టి అదే సరైనది.

బతికుండే ఆ భాగానికి వేరే చిన్న 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీ చేసే డయోడ్ బ్రిడ్జి, 470 మైక్రోఫ్యారడ్ 35 వోల్టుల కెపాసిటర్, వోల్టేజ్‌ని 12 దగ్గరే నిలిపే రెగ్యులేటర్ 7812 చాలు. 7812 తప్పనిసరి, లోడు లేనప్పుడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్ రాసినదానికన్నా బాగా పైకి పోతుంది, ఈ చిప్‌లు 20 దాటితే చచ్చిపోతాయి. వెనక ప్యానెల్ మీద రాకర్ స్విచ్ కూడా ఉంచండి, ఊరెళ్లేటప్పుడు అసలు కట్ చేయడానికి.

స్పార్క్ తగ్గించడానికి రిలే కాంటాక్ట్‌కి అడ్డంగా కెపాసిటర్ పెట్టమని చాలామంది చెప్తారు, నేనైతే అక్కడ వద్దంటాను. 0.1 మైక్రోఫ్యారడ్ పెడితే రిలే ఆఫ్‌లో ఉన్నా 230 వోల్టుల దగ్గర 7 మిల్లీఆంపియర్లు దాని గుండా ట్రాన్స్‌ఫార్మర్‌కి పోతూనే ఉంటాయి. 100 ఓమ్‌లతో కలిపి ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి అడ్డంగా పెట్టండి, కెపాసిటర్ మీద ఎక్స్2 (మెయిన్స్‌కి అడ్డంగా పెట్టడానికే చేసిన రకం) అని రాసున్నదే కొనండి.

ఈ పాఠంలో 230 జోలికే పోవద్దు. బ్రెడ్‌బోర్డ్ మీద కట్టి 12 వోల్టుల అడాప్టర్ ఇచ్చి రిలే చప్పుడు వినండి చాలు. అడాప్టర్ పెట్టగానే రిలే నిశ్శబ్దంగా ఉండాలి, వెంటనే టక్‌మంటే రీసెట్ కెపాసిటర్, రెసిస్టర్ దగ్గర ఏదో తప్పు ఉందని. ఒకసారి నొక్కితే ఒక టక్, 1వ పిన్ మీద మీటర్ 12కి దగ్గరగా చూపాలి, మళ్లీ నొక్కితే ఇంకో టక్, మీటర్ సున్నా. తర్వాత వేలు అయిదు సెకన్లు అలాగే పెట్టి ఉంచి వదలండి, వదిలేటప్పుడు ఇంకో టక్ వస్తే 474 సరిగ్గా గుచ్చుకోలేదన్నమాట. ఆన్ అయ్యి ఎంత నొక్కినా ఆఫ్ కాకపోతే 2, 5 పిన్ల మధ్య వైరు చూడండి. బటన్ వైర్లు రెండిటినీ మెలివేసి అర మీటరు పొడవు పెట్టి కూడా ఒకసారి ఇవన్నీ చూడండి, పెట్టెలో అంత పొడవు పడుతుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఈ సరుకంతా కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, చిప్‌లు రెండేసి తెచ్చుకోండి, సాకెట్లు కూడా. వచ్చే పాఠంలో ఈ రిలే పక్కన రెండోది పెట్టి టొరాయిడ్ మొదటి లాగుడిని అదుపు చేసే సాఫ్ట్ స్టార్ట్ కడదాం, 230 వైరింగ్ అప్పుడే. దానికి 47 ఓమ్ 10 వాట్ల రెసిస్టర్ ఒకటి, ఇలాంటిదే ఇంకో రిలే తీసి ఉంచండి, 300 వీఏ దాటిన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవాళ్లు మాత్రం 16 ఆంపియర్ల రిలేలే కొనండి.