శ్రీకాళహస్తి కలంకారీలో ‘క్రాకా’: వైకింగ్ రాజు పెళ్లిచూపుల ఘట్టాన్ని గీసే పద్ధతి

స్వీడన్ చిత్రకారుడు మోర్టెన్ ఎస్కిల్ వింగే 1862లో వేసిన ‘క్రాకా’ చిత్రంలోని ఘట్టాన్ని కలంకారీలో గీయదలచినవారు కలం కన్నా ముందు కథను పట్టుకోవాలి. 13వ శతాబ్దపు ఐస్‌లాండ్ గాథ ప్రకారం, రాగ్నార్ లోడ్‌బ్రోక్ అనే వైకింగ్ (ఉత్తర ఐరోపా సముద్ర యోధుల) రాజు ఓడలు నార్వే తీరాన ఆగినప్పుడు, రొట్టెలు కాల్చడానికి ఒడ్డుకు వెళ్లిన అతని మనుషులు క్రాకా అనే పేదింటి పిల్ల అందాన్ని చూస్తూ రొట్టెలన్నీ మాడ్చేశారు. సంగతి విన్న రాజు ఆమె తెలివిని పరీక్షించదలచి, బట్ట కట్టీ కట్టకుండా, తినీ తినకుండా, ఒంటరిగానూ కాక మనిషి తోడుతోనూ కాక రమ్మని కబురు పంపాడు. క్రాకా చేపల వల చుట్టుకొని, నేలను తాకే జుట్టును దానిపై విరబోసుకొని, ఉల్లికాడ కొరికి, కుక్కను వెంటబెట్టుకొని వచ్చింది.

ఇటువంటి చిక్కు మన కలంకారీకి కొత్తది కాదు. ఇంటా బయటా కాని చోట హిరణ్యకశిపుణ్ణి చీల్చిన నరసింహుణ్ణి వేసేటప్పుడు గడప కనిపించకపోతే కథే నిలవదు. ఇక్కడ ఆ గడప పని వల చేస్తుంది కనుక, ముఖం కన్నా వలకే ఎక్కువ రోజులు కేటాయించాలని నా అభిప్రాయం.

గంజి పోయేలా ఉతికిన ముతక నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో తడిపి, పిండి, ఎండలో ఆరబెట్టాలి. కరక్కాయలోని వగరు, ఇనుప ముక్కలనూ బెల్లాన్నీ నీటిలో ఊరబెట్టి తీసిన ‘కసిమి’ అనే సిరాతో కలిస్తేనే గీత నల్లబడుతుంది. పాలలోని వెన్న ఆ గీతను పాకనివ్వదు. నేను మొదటిసారి పాలు పలచగా కలిపిన గుడ్డపై వల గీస్తే, ముడి పడిన ప్రతి చోటా సిరా పాకి, క్రాకా నల్ల కంబళి కప్పుకున్నట్లు తయారైంది, ఆ గుడ్డంతా వృథా అయింది.

కాల్చిన చింతపుల్లతో ముందుగా శరీరపు ఆకృతిని మాత్రమే గీసుకొని, భుజం మీద, నడుము దగ్గర వల ఎటు వంగుతుందో రెండు మూడు రేఖలతో గుర్తు పెట్టుకోండి. సన్నని మొనగల వెదురు కలాన్ని కసిమిలో ముంచి, దానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో మెల్లగా నొక్కుతూ, ఒక వైపు ఏటవాలు గీతలన్నీ పూర్తిచేసి, అవి ఆరిన తరువాతే రెండో వైపు గీతలను దాటించాలి. ముడి దగ్గర కలం ఆపకూడదు, ఆపితే చుక్క పడుతుంది. జుట్టు పాయలు పడిన చోట వలను పూర్తిగా వదిలేయాలి, ఎందుకంటే గాథలో ఆమె మానాన్ని కాపాడింది ఆ జుట్టే.

ఉల్లికాడను పెదవికి దగ్గరగా, కొరికిన గుర్తుతో చూపండి. కుక్కను రాజు వైపుకు తిప్పండి, ఆ తరువాత అది అతని చేతిని కరుస్తుంది. రాజు వెండి పనితనమున్న చొక్కా ఇవ్వబోగా, బొగ్గునలుపు బట్టల్లో సముద్రపొడ్డున మేకలు కాసే తనకు అది తగదని క్రాకా నిరాకరించిన ఘట్టానికి కింద ఒక చిన్న గడి కేటాయిస్తే బాగుంటుంది; ఆ బట్టలకు కసిమి నలుపే సరిపోతుంది.

రంగుల విషయంలో మామూలు క్రమమే: పటిక పూత, ఎరుపు రంగు నీటిలో గుడ్డను మరిగించడం, పారే నీటిలో జాడింపు, జుట్టుకు కరక్కపువ్వు పసుపు, సముద్రానికి నీలిమందు. అడుగు పట్టీలో తెలుగు అక్షరాలతో రాజు పంపిన ప్రశ్నను మాత్రమే రాయండి. జవాబు పైన బొమ్మలోనే ఉంది.