విమానం డిజైన్ నేర్చుకుందాం – 4వ పాఠం: శంషాబాద్ ఎండకి ఎంత రెక్క కావాలి?

కిందటి పాఠంలో మన రెండు సీట్ల ట్రైనర్ (శిక్షణ విమానం) బరువు, ఇంధనం, మనుషులతో కలిపి 600 కిలోలని తేల్చాం. స్టాల్ వేగం, అంటే రెక్క ఇక బరువు మోయలేనని చేతులెత్తేసే వేగం, గంటకి 80 కిలోమీటర్లు దాటకూడదనుకున్నాం. రెక్క వైశాల్యం లెక్కకట్టడానికి ఈ రెండూ చాలు.

న్యూటన్లలో బరువు (కిలోలు × 9.81) = సగం × గాలి సాంద్రత × వేగం వర్గం × వైశాల్యం × లిఫ్ట్ కోఎఫిషియంట్ (రెక్క ఎంత బాగా పైకి ఎత్తగలదో చెప్పే అంకె). ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి వంగే పలకలు) దించని రెక్కకి చివరి అంకె 1.5 వేసుకోండి. వేగం సెకనుకి 22.2 మీటర్లు. పుస్తకాల్లో ఉండే సాంద్రత ఘనపు మీటరుకి 1.225 కిలోలు. వైశాల్యం 13 చదరపు మీటర్లు వస్తుంది.

చాలామంది ఇక్కడే నోట్‌బుక్ మూసేస్తారు. ఆ 1.225 సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల్లో ఉండే గాలిది. శంషాబాద్ రన్‌వే ఉన్నది 600 మీటర్లకి పైగా ఎత్తులో. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు మనకి మామూలే. అక్కడ పీడనం సుమారు 94,000 పాస్కల్స్. దాన్ని గాలి వాయు స్థిరాంకం 287తోనూ, కెల్విన్ ఉష్ణోగ్రత 313తోనూ భాగించండి. సాంద్రత 1.05 దగ్గర తేలుతుంది. రెక్క 15.1 అయి కూర్చుంది.

(కాక్‌పిట్‌లో వేగం చూపే మీటరు గాలి ఒత్తిడినే కొలుస్తుంది కాబట్టి ఆ ఎండలో 80కి బదులు 74 చూపిస్తుంది. రన్‌వేని తినేసేది మాత్రం అసలు వేగమే. అందుకే మన లెక్క అసలు వేగంతో.)

అసలు తలనొప్పి ఇప్పుడు మొదలవుతుంది. పెరిగిన రెక్కకీ బరువుంటుంది కదా! చదరపు మీటరుకి 7 కిలోలనుకుంటే అదనంగా 15 కిలోలు. బరువు 615 అయితే రెక్క 15.5 కావాలి. దానికి మరో 3 కిలోలు, రెక్క 15.6. ఆపైన అంకె కదలదు.

హైదరాబాద్ దగ్గర ఆదిభట్లలో సీ-130జే రవాణా విమానం తోకభాగాలు తయారుచేసేవాళ్ల చేతికి డ్రాయింగ్ పూర్తయ్యే వస్తుంది. డిజైన్ వైపు వెళ్లేవాళ్లకి మాత్రం రోజులకి రోజులు ఇలా చుట్టూ తిరగడమే పని. విసుగొచ్చేవాళ్లు ఇప్పుడే ఆలోచించుకోవడం మంచిది.

ఇంటిపని: ఫ్లాప్స్ దించితే కోఎఫిషియంట్ 2 అవుతుందనుకోండి. ఫ్లాప్స్, వాటి కీళ్లు, మోటారు కలిపి 12 కిలోలు. 600 కిలోల్లో 13 చదరపు మీటర్ల రెక్క బరువు ఉందని గుర్తుపెట్టుకుని, అంకె కదలడం ఆగేదాకా లెక్క తిప్పండి. వచ్చే పాఠంలో ఇదే ఎండ ఇంజిన్ని ఏం చేస్తుందో చూద్దాం.